కోటాయన కొలువు, నా కొలువు

ఆ రోజుల్లో మాకు ఆశ పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు, కొత్తగా ఎవరైనా వస్తే చాలు. బస్సుకు కొత్త కండక్టర్ వస్తే ఇకమీదట చిల్లర ఇస్తాడనుకునేవాళ్లం. మెస్సుకు కొత్త వంటాయన వస్తే పప్పు చిక్కబడుతుందనుకునేవాళ్లం. నెల తిరక్కుండా అదే నోటితో 'పాతోడే నయం' అనేవాళ్లం. సముద్రాల అవతల ఉన్న మా ఫుట్‌బాల్ క్లబ్బుకు కొత్త మేనేజర్ వచ్చినప్పుడూ అంతే జరిగింది. (క్రికెట్లో మనం కోచ్ అనే మనిషిని అక్కడ మేనేజర్ అంటారు. ఈ ఒక్క మాట నా కొంప ముంచబోయింది కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.) మా క్లబ్బు అన్నాను గాని, ఆ ఊరు ఎక్కడుందో పటంలో చూపించమంటే మాలో ఒక్కడికీ తెలియదు. అయినా అది ఓడితే మాకు అన్నం సహించేది కాదు.

మాకు అంటే ముగ్గురికి. ఒకడు మా దుకాణం పక్కన ఫోన్లు బాగుచేసే భాయ్. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేవాడు. అతని కొట్లో చిన్న టీవీ ఉండేది, శనివారం సాయంత్రం అదే మాకు స్టేడియం. రెండోవాడు ఎదురుగా జిరాక్సు సెంటర్లో పనిచేసే హాఫ్‌సైడ్. ఆటలో ఆఫ్‌సైడ్ అనే తప్పును వాడు జీవితమంతా హాఫ్‌సైడ్ అనే అన్నాడు. సరిదిద్దబోతే, "ఆటగాడు సగం గీ దిక్కు, సగం గా దిక్కు ఉంటడు గదరా, హాఫ్‌సైడ్ గాక ఇంకేందిరా?" అని ఎదురు తగిలేవాడు. ఆ మాటనే వాడికి పేరుగా పెట్టేశాం. మూడోవాణ్ణి నేను.

అసలు చిక్కు ఏమిటంటే, కొత్త మేనేజర్ మా క్లబ్బులో చేరిన వారమే నేనూ మేనేజర్‌నయ్యాను. డిగ్రీ చేసి సిరిసిల్లలో గాలికి తిరుగుతుంటే, మా అమ్మ తన తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చి మొత్తుకుని, జగిత్యాలలో టవర్ దగ్గరున్న ఆయన రెడీమేడ్ దుకాణంలో నన్ను కుదిర్చింది. మామ నన్ను గల్లాపెట్టె పక్కన నిలబెట్టి, "ఇయ్యాల్టి సంది మేనేజర్‌వు నువ్వే అల్లుడా. కొన్నొద్దులు సూస్త. దుకాణం నడిస్తే నడిపిచ్చినట్టు, లేకుంటే మళ్ల సిరిసిల్ల బస్సెక్కుడే," అన్నాడు. నా కింద ఇద్దరు సేల్స్‌మెన్లు. ఇద్దరూ మా నాన్న కన్నా పెద్దవాళ్లే. నేను 'ఆ డబ్బా దించండి' అంటే ఒకాయన 'ఊఁ' అని తమలపాకుకు సున్నం రాసుకునేవాడు, రెండో ఆయన ఆ 'ఊఁ' కూడా అనేవాడు కాదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. మేనేజర్‌నైన ఊపులో నేను చేసిన మొదటి ఘనకార్యం హైదరాబాదు హోల్‌సేల్ వాడికి ఫోన్ చేసి, మా క్లబ్బు జెర్సీలు పెద్ద మూట తెప్పించడం. పెండ్లిళ్ల సీజన్‌కు షర్టులు చెప్పమన్నాడు మామ. నేను జెర్సీలు చెప్పాను. నా లెక్క నాకుంది. కొత్త మేనేజర్ వచ్చాడు, ఇక క్లబ్బు గెలుస్తూనే ఉంటుంది, గెలిచే క్లబ్బు జెర్సీ కోసం కాలేజీ పిల్లలు ఎగబడతారు, మామ నా వీపు తడతాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మూట విప్పి చూసి మామ, "గివేందిరా, బనీన్లా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు. ఆ క్షణం నుంచి ఆ కొత్త మేనేజర్ కొలువు, నా కొలువు ఒకే మొలతాడుకు కట్టినట్టయింది.

ఆయన పేరు మా నోళ్లకు తిరిగేది కాదు. ఎండైనా వానైనా పొడుగాటి నల్లకోటు తొడుక్కుని గీత పక్కన నిలబడేవాడు కాబట్టి కోటాయన అనుకున్నాం. మొదటి ఆట గెలిచాడు. భాయ్ మాకు ఛాయ్ తాగించాడు, హాఫ్‌సైడ్ ఏకంగా కప్పు గెలిచాక ఊరేగింపు ఏ దారిన తీయాలో మాట్లాడాడు. రెండో ఆట ఓడాడు. మూడోది కూడా. అప్పుడు మొదలయ్యాయి మా అనుమానాలు. "గా కోటు లోపటెక్కడ్నో ప్లాన్ వెట్టుకుండు, టైమొస్తే తీస్తడు," అని హాఫ్‌సైడ్ ఒక శనివారం అంటే, "ప్లాన్ లేదు ఏం లేదు, సలివెట్టి తొడుక్కుండు," అని భాయ్ ఇంకో శనివారం. నేను మాత్రం గోళ్లు కొరుక్కునేవాణ్ణి. వాళ్లకది ఆట, నాకది మూట. ఆట ఓడిన మర్నాడు దుకాణం తెరిచి ఆ జెర్సీలకు వీపు తిప్పి కూర్చునేవాణ్ణి. మామ మెట్లెక్కే చప్పుడు వినబడితే వాటి మీద టవల్ కప్పేవాణ్ణి.

ఇక లాభం లేదని ఒక మంగళవారం పొద్దున్నే కొండగట్టు గుడికి వెళ్లాం. ఆ రోజు భాయ్ బస్సు మానేసి ఇంటి నుంచి బండి తెచ్చి, దాని మీదే మా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. "నేను దర్గల దువా చేసొచ్చిన, మీరు గీడ పూజ చేయుండ్రి. రెండు దిక్కులకెల్లి బాల్ పోతే గోల్ ఎట్ల గాదో సూద్దాం," అని కింద ఛాయ్ బండి దగ్గర కూర్చున్నాడు. మేం టికెట్ తీసుకుని వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. అయ్యగారు పళ్లెం అందుకుని, "ఎవరి పేరు మీద?" అన్నారు. కోటాయన అసలు పేరు సమయానికి నాకు నోటికి రాలేదు. వెనక నుంచి హాఫ్‌సైడ్ ఠక్కున, "కోటేశ్వర్!" అనేశాడు. "గోత్రం?" అన్నారు అయ్యగారు. ఖండాల అవతల ఉన్నవాడికి గోత్రం ఎక్కణ్ణుంచి తేవాలి? వెనక వరుసలో జనం తోస్తున్నారు. నేను ఏమీ ఆలోచించకుండా మా గోత్రం చెప్పేశాను. "నక్షత్రం?" "తెల్వదయ్యగారూ." "ఏం కోరిక?" "కొలువు నిలవడాలె. కొత్తగ మేనేజర్ అయిండు. తీసేస్తరేమోనని బుగులు." అయ్యగారు నా మొహంలోకి ఒకసారి జాలిగా చూసి, మా గోత్రంలో పుట్టిన కోటేశ్వర నామధేయుడికి క్షేమం, స్థైర్యం, విజయం, అభయం అన్నీ కలగాలని గట్టిగా చదివి, తీర్థం నా చేతిలో కాస్త ఎక్కువే పోశారు.

మెట్లు దిగుతుంటే హాఫ్‌సైడ్‌కు అసలు సంగతి వెలిగింది. "వారీ, నీ గోత్రం ఇచ్చినవంటే గాయన మీ పాలోడైనట్టేగదరా!" అన్నాడు. (మా దిక్కున పాలోళ్లంటే ఒకే వంశం వాళ్లు. ఒకరింట్లో చావు జరిగితే మరొకరికి మైల.) ఆ రోజు నుంచి కోటాయన ఓడినప్పుడల్లా వాళ్లిద్దరూ నన్నే నిలదీసేవాళ్లు. "మీ పాలోడు గా ముసలోణ్ణి ఎందుకు ఆడిచ్చిండు? నువ్వు జెర చెప్పొద్దా?" అని భాయ్ అడుగుతుంటే, నిజంగానే నాకు తల వంగిపోయేది. ఇంటి మనిషి నలుగురిలో పరువు తీసినట్టుండేది.

పూజ తర్వాత ఒక ఆట గెలిచాం. నాలుగు జెర్సీలు అమ్ముడయ్యాయి. (అందులో ఒకటి హాఫ్‌సైడ్ కొన్నాడు.) తర్వాత మళ్లీ ఓటముల వరుస. సోమవారం పొద్దున ఛాయ్ హోటల్లో వాళ్లిద్దరూ గట్టిగానే మాట్లాడుకున్నారట. "గీ మేనేజర్ పనికిరాడు భాయ్, తీసెయ్యాలె." "పాతోడే నయముండె. గీయన అచ్చినంక అంత సత్తెనాశే." వెనక బల్ల మీద మా మామ కూర్చుని ఇడ్లీ తింటున్నాడని వాళ్లకు తెలియదు. ఒకడిది మా పక్క కొట్టు, ఇంకొకడిది ఎదురు కొట్టు. ఆ ఇద్దరూ 'గీ మేనేజర్' అంటే ఎవరో మామకు వేరే చెప్పాలా?

మామ నేరుగా దుకాణానికి వచ్చి, కుర్చీ లాక్కుని, నన్ను ఎదురుగా నిలబెట్టాడు. "బజార్ల మేనేజర్ను తీసెయ్యాలె అంటున్రు. నువ్వేమంటవు?" అన్నాడు. మామ కూడా ఫుట్‌బాల్ చూస్తున్నాడా! ఎవరికీ చెప్పుకోలేక కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "అన్యాయం మామ! కొత్తోడు గదా, ఒక్క సీజనన్న పూర్తిగ ఇయ్యకుంటె ఎట్ల?" అన్నాను. "సీజనా?" అన్నాడు మామ, పెండ్లిళ్ల నెలలు లెక్కబెట్టుకుంటూ. "అవు మామ. కొత్తోడు ఒక్కడే ఏం చేస్తడు? పాతోళ్లు మాట ఇంటలేరు. వయసు మీదవడ్డది, ఉరుకుమంటె ఉరుకుతలేరు. జీతాలేమో మంచిగ తీసుకుంటున్రు." మామ మెల్లగా తల తిప్పి సేల్స్‌మెన్లిద్దరి వైపు చూశాడు. తమలపాకు నమలడం ఆగిపోయింది. "నిజమే," అన్నాడు మామ. నాకు ఇంకా బలం వచ్చింది. "నన్నడిగితే ముందుగాల గోల్‌కీపర్ను మార్చాలె మామ!"

మామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మన దుకాణంల గోల్‌కీపర్ ఎవడురా?"

అప్పుడు తెలిసింది నాకు. మామ అడిగింది నా గురించి, నేను ఇంతసేపూ వాదించింది కోటాయన గురించి. దాచేదేముందని మొత్తం చెప్పేశాను. క్లబ్బు, కోటు, కొండగట్టు, జెర్సీల మీద టవల్. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. తిడతాడేమో అనుకున్నాను, అదీ లేదు. లేచి చెప్పులు తొడుక్కుంటూ, "నీ గురించి అడిగిన్నని ఎరుకైతే గిట్ల కొట్లాడకపోదువు. సీజన్ దాక సూస్త, పో," అన్నాడు. ఆ మాటతో బతికానని అనుకోలేదు. రోజూ పొద్దున లేవగానే సీజన్ ఎన్నాళ్లు మిగిలిందోనని భయం, రోజూ ఫోన్లో కోటాయన కొలువు ఉందా పోయిందా అని వెతుకులాట.

పోయింది. ఒక ఆదివారం నేను ఇంటికి వెళ్తూ సిరిసిల్ల బస్టాండులో దిగానో లేదో భాయ్ ఫోన్. "తీసేసిండ్రు రా." వెనకాల హాఫ్‌సైడ్ కేక వినబడుతోంది. కొత్తాయన పేరు కూడా అప్పుడే చెప్పుకుంటున్నారట, ఈసారి పక్కా అట. ఇంటికి వెళ్లి గడపలో కూర్చుండిపోయాను. అమ్మ నీళ్లు తెచ్చి, "ఏమైంది కొడుకా? మొకమేంది గట్లున్నది?" అంది. "మేనేజర్ను తీసేసిండ్రమ్మా," అన్నాను. అంతే. నేను నోరు తెరిచేలోపు అమ్మ ఫోన్ అందుకుంది. "ఏం తమ్మీ! నా కొడుకు నీకంత బరువైండా? సిన్నప్పుడు నిన్ను సంకల ఎత్తుకోని పెంచిన, గిందుకేనా?" అని మొదలుపెట్టి మామ బాల్యంలో చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టింది. అవతల మామ 'అక్కా, అక్కా' అనడం నాకు వినిపిస్తూనే ఉంది. చివరికి ఆయనకు మాట్లాడే సందు దొరికినట్టుంది. అమ్మ విని, విని, ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, "ఎవరా కోటేశ్వర్? మన గోత్రమే అంట?" అంది.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నాన్న మగ్గాల మీద నుంచి వచ్చి అన్నం తింటూ విన్నాడు, పొలమారేంతగా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆయనకు కోట్లలో పరిహారం ఇచ్చి పంపుతారని, బాధపడాల్సిందేమీ లేదని నేను చెబితే, "పైసలు సరే కొడుకా. రేపు పొద్దుగాల లేసి యాడికి పోతడు?" అంది. నాన్న నవ్వు ఆపి కంచం వైపు చూశాడు. ఒక ఏడాది బేరాల్లేక మా వాడకట్టులో సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, బందైనప్పుడు, నాన్న రోజూ అలవాటు కొద్దీ వేళకే లేచి, స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, అరుగు మీద కూర్చుండేవాడు. నేనప్పుడు బళ్లో చదువుతున్నాను. ఇంతకాలం ముగ్గురం ఆయన ప్లాను గురించి, కోటు గురించి, ఆయన పెట్టిన ఆటగాళ్ల గురించి అంత మాట్లాడుకున్నాం గాని, ఈ ఒక్క సంగతి మాకు తట్టనే లేదు. నాకు చాలా సిగ్గేసింది, దుఃఖమూ వచ్చింది.

నా కొలువు మాత్రం పోలేదు. జెర్సీలన్నీ మేడిపల్లి దిక్కు కబడ్డీ జట్లు కొనుక్కుపోయాయి, వాళ్లకు రంగు నచ్చిందట. ఇప్పుడు నేను జగిత్యాలలోనే ఉన్నాను, జుట్టు పలచబడింది. మా క్లబ్బుకు ఆ తర్వాత ఎంతమంది మేనేజర్లు వచ్చారో, పోయారో. ఈ మధ్యే ఇంకొకాయన వచ్చాడు. కోరుట్ల నుంచి భాయ్ ఫోన్ చేసి, "ఇన్షాల్లా, గీయన పక్కా," అన్నాడు. నేను అవునంటూనే గోళ్లు కొరుక్కున్నాను. అప్పట్లో జెర్సీల మీద టవల్ కప్పిన ఆ బక్క కుర్రాడు నాలోంచి ఎక్కడికీ పోలేదని తెలిసి నవ్వుకున్నాను కూడా.

మొన్న అమ్మ ఉన్నట్టుండి అడిగింది, "మన కోటేశ్వర్‌కు మళ్ల యాడన్న పని దొరికిందా?" అని. దొరికిందని చెప్పాను. టీవీలో కూర్చుని మాట్లాడుతున్నాడని, మా క్లబ్బుకు వచ్చిన కొత్త మేనేజర్ పనికిరాడు, తీసెయ్యాలి అంటున్నాడని చెప్పాను.

"పోనియ్యి, మంచిదేనాయె," అంది అమ్మ. "కోటు తొడుక్కోని పోవుటానికి ఒక జాగ ఉన్నది."