శౌరమ్మ విరగ్గొట్టిన కొక్కెం

శౌరమ్మవి మొదట రొయ్యల పొట్టు ఒలిచిన చేతులు. అవనిగడ్డ దగ్గర రొయ్యల షెడ్డులో తల తుంచి, పొట్టు తీసి, వెన్నులోని నల్ల నరాన్ని తెగకుండా లాగడం ఆమె పని. పెళ్లయి విజయవాడ వచ్చాక ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో కాంట్రాక్టు అటెండరుగా చేరింది. సీసాలు కడిగేది, బల్లలు తుడిచేది.

ఆ చేతుల సంగతి కనిపెట్టినవారు వెంకటకృష్ణారావు మాస్టారు. ఒకనాడు ఆయన వణికే వేళ్లతో సూది పట్టుకుని ఈగ తోకతో కుస్తీ పడుతుంటే చూసి, "ఇటివ్వండి సార్, నే తీస్తాను" అంది. చిటికెలో తీసి గాజు పలక మీద పెట్టింది. తను తీసింది మగ ఈగ మర్మాంగమని ఆయన చెప్పాక, "మరియ తల్లీ!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు నవ్వలేదు. "మాంసం ఈగలన్నీ చూడ్డానికి ఒకటే శౌరమ్మా. వీపు మీద మూడు నల్ల చారలు, పొట్ట మీద చదరంగం గళ్లు. ఏది ఏ జాతో తేలాలంటే మగదాని తోక చివర విప్పి చూడాల్సిందే. అక్కడ మాత్రం దేని తయారీ దానిదే" అన్నారు.

అలా నేర్చుకుంది. తోక చివర కత్తిరించి, పొటాష్ నీళ్లలో వేడిచేసి, కండ కరిగాక కడిగి, మిగిలిన గోధుమరంగు పెంకును సూదులతో విడదీసేది. లాటిన్ పేర్లు నోరు తిరగక తన పేర్లు తను పెట్టుకుంది. ఒకటి కొడవలి, ఒకటి పీత డెక్క, ఒకటి గరిటె. తూనీగకైతే జతకట్టే సరంజామా తోక చివర కాక పొట్ట మొదట్లో ఉంటుందని తెలిసిన రోజు ఇంటికెళ్లి మొగుడు లాజరుకు చెప్పకుండా ఉండలేకపోయింది. అతను అన్నం తింటున్నవాడల్లా లేచిపోయాడు.

మాస్టారు రిటైరయ్యారు. తర్వాత సింధూరి అనే అమ్మాయి అదే ఈగల మీద పరిశోధనకు చేరింది. నాలుగేళ్లు చేపల మార్కెట్లూ మామిడి తోటలూ తిరిగి ఇరవై రెండు జాతులు పోగేసింది. ఒక్కో జాతికి ఒక్కో సీసా, అందులో ఒక మగ ఈగ, శౌరమ్మ విప్పిన దాని తోక పెంకు. సోమవారం బయటినుంచి నిపుణుడొకాయన వచ్చి వాటిని పరీక్షించాలి.

శుక్రవారం పొద్దున బీరువా తీసిన సింధూరి కెవ్వుమంది. సీసాల్లోని చీటీలన్నీ తెల్లగా ఉన్నాయి. సిరా మొత్తం స్పిరిట్‌లో కరిగిపోయింది.

శౌరమ్మ చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టి దగ్గరికి వచ్చింది. క్రితం వారం ఆ సీసాల్లో స్పిరిట్ నింపింది తనే.

"మీ తప్పు కాదండీ శౌరమ్మగారూ," అంది సింధూరి, కుర్చీలో కూలబడి. "పెన్సిల్‌తోనే రాయాలి. నేనే బుద్ధిలేక జెల్ పెన్‌తో రాశాను. ఇప్పుడు ఏది ఏ ఈగదో ఎలా తెలుస్తుంది?"

"మీరు పేర్లు రాసి గీసిన బొమ్మలు ఉన్నాయిగా మేడం. ఒక్కొక్కటే పెట్టండి. నాకు తెలుస్తాయి."

మైక్రోస్కోపు ముందు కూర్చుంది. "ఇది పీత డెక్క. కానూరు చేపల బజారుది." సింధూరి బొమ్మతో పోల్చి చూసింది. సరిపోయింది. "ఇది గరిటె. ఇది చూడండి, రెండు కొమ్ములూ ఎడంగా ఉన్నాయి." అదీ సరిపోయింది. మధ్యాహ్నానికి ఇరవై తేలాయి.

రెండు మిగిలాయి. ఒకటి గవర్నర్‌పేట మాంసం కొట్టు వెనక పట్టింది, రెండోది మైలవరం మామిడి తోటది. బొమ్మల్లో ఒకదాని కొస మొండిగా ఉంది, మైలవరం దాని కొసన వంకీ తిరిగిన సన్నటి కొక్కెం ఉంది. సీసాల్లో మాత్రం రెండూ మొండిగానే కనబడుతున్నాయి.

"నా థీసిస్‌లో సగం ఈ తేడా మీదే నిలబడింది," అంది సింధూరి. "బొమ్మ తప్పు గీశానేమో. లేని కొక్కెం చూశానేమో."

శౌరమ్మ చేతిలో సూది కింద పెట్టింది. ఏడాదిగా దిగమింగుకున్న మాట బయటికొచ్చింది.

"బొమ్మ సరిగ్గానే గీశారు మేడం. కొక్కెం నేనే విరగ్గొట్టాను."

సింధూరి తలెత్తింది.

"పోయిన ఈస్టరు ముందు. మీరు గీసేశాక సీసాలో వేస్తుంటే పట్టకారు జారింది. చెప్పలేదు. కాంట్రాక్టు ఏడాదికోసారి రాస్తారు గదండీ, తీసేస్తారేమోనని భయపడ్డాను."

సింధూరి ఆ రెండు సీసాలనూ దగ్గరికి లాక్కుంది. "విరిగిన ముక్క ఏమైంది?" అని అడిగింది.

"పారెయ్యలేదు. ఆ సీసాలోనే ఉండాలి."

మొదటి సీసా గాజు గిన్నెలో ఒంపారు. ఏమీ లేదు. రెండోది ఒంపింది శౌరమ్మ, ఊపిరి బిగబట్టి. నలుసులు, ఒక దూది పోగు. గిన్నెను చుట్టూ తిప్పింది. అంచున, కనురెప్ప వెంట్రుక కొసంత, వంకీ తిరిగి ఉంది.

"దొరికింది మేడం."

సింధూరి చూసింది. విరిగిన కొసకూ ముక్కకూ అతికినట్టు సరిపోయింది. ఆ పిల్ల నవ్వుతూ, ఏడుస్తూ శౌరమ్మ భుజం మీద తల ఆనించింది. "తప్పు గీశాననుకుని చచ్చిపోయాను శౌరమ్మగారూ. ఇంకెప్పుడైనా విరిగితే చెప్పండి, అంతే. ఎవరూ మిమ్మల్ని తీసెయ్యరు, నేను మాట్లాడతాను." తర్వాత ఇద్దరూ కూర్చుని కొత్త చీటీలు పెన్సిల్‌తో రాశారు.

సోమవారం నిపుణుడు వచ్చి ఇరవై రెండూ చూశారు. మైలవరం దాని దగ్గర ఆగితే, "సర్దేటప్పుడు విరిగిందండీ, ముక్క ఇదిగో" అంది సింధూరి. "ముక్క దాచారు, మంచిపని," అని ఆయన తర్వాతి దానికి వెళ్లిపోయారు. అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు.

శౌరమ్మ వరండాలోకి వచ్చి, మూడు రోజులుగా సయించని టీని గ్లాసెడు తాగింది. తర్వాత మాస్టారికి ఫోను చేసింది.

"ఏం శౌరమ్మా, ఏమైంది?" అన్నారాయన కంగారుగా.

"ఏం కాలేదు సార్," అంది, గోడకు జారగిలబడి. "ఏమీ కాలేదనే చెబుదామని చేశాను."