దేవర నాడు పొలిమేర బయట

నా చిన్నప్పుడు మాకు ఊరు లేకుండా పోయింది. జూపాడు బంగ్లా అవతల ఉండే మా పల్లె డ్యాము నీళ్లలో మునిగింది. మా నాయన అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెకు వచ్చి కాపురం పెట్టాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

రెండేళ్లకు ఆ ఊళ్లో దేవర వచ్చింది. ఊరి అమ్మవారికి చేసే జాతరను మా వైపు దేవర అంటాం. మా అమ్మ సంబరం ఏం చెప్పను! వారం ముందే ఇల్లు అలికి, గడపకు పసుపు రాసి, అందరిలాగే అమ్మవారికని బియ్యం కొలిచి పెట్టింది. దీంతో మనమూ ఈ ఊరివాళ్లమైపోతామని నాయన మురిసిపోయాడు. పిచ్చి నాయన.

దేవర నాడు అమ్మవారి ముందు కలిపిన అన్నం ఊరి చుట్టూ చల్లుతారు. దాన్నే పొలి అంటారు. అది చల్లేటప్పుడు ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు, పరాయివాళ్లు లోపల ఉండకూడదు. ఉంటే ఊరి చలువ వాళ్ల వెంట పోతుందని నమ్మకం. ముందురోజు చాటింపు వేస్తే, ఇళ్లకొచ్చిన చుట్టాలకు చెబుతున్నారనుకున్నాం. తెల్లారి ఊరిపెద్ద మా ఇంటి ముందుకొచ్చి, నాయన ముఖం చూడకుండా అన్నాడు.

“ఏమనుకోవద్దప్పా. ఈ ఒక్క పొద్దుకు మీ ఊరికి పోయిరాండి.”

“యాడికి పోదుమన్నా? మా ఊరు నీళ్లకింద ఉండాది.”

ఆయనకు తెలియక కాదు. తల వంచుకుని వెళ్లిపోయాడు. అమ్మ కొలిచిన బియ్యం మళ్లీ కుండలో పోసింది.

పొలిమేర రాయి దాటి, ఆళ్లగడ్డ దారిలో ఒక తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. ఊళ్లో తప్పెట్లు మోగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి పక్కింటి పెద్దమ్మ భక్ష్యాల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. మనవడు జబ్బు నుంచి లేచినందుకు ఆ రోజు ఆమె మొక్కుకున్న జ్యోతి ఎత్తాలి, అంటే పిండిదీపం నెత్తిన పెట్టుకుని అమ్మవారి గుడికి పోవాలి. గంప దించి మాతోపాటే మట్టిలో కూర్చుంది. పొలి వచ్చేస్తోంది, లోపలికి పొమ్మని నాయన చేతులు జోడించాడు.

“నేను చాగలమర్రి నుంచి వచ్చినదాన్ని. తాళి కట్టినారని లోపల ఉండనిచ్చినారు, అంతేగా! మీరు తినండి ముందు.”

పొలి చల్లేవాళ్లు రాయి దాకా వచ్చి ఆమెను చూసి నిలబడ్డారు. మొక్కు చెడుతుంది, రమ్మని అరిచారు. ఆమె కదల్లేదు. వాళ్లు మాకూ వాళ్లకూ మధ్య పొలి చల్లుకుంటూ వెళ్లిపోయారు. పొలిమేర దాటినందుకు ఆమె జ్యోతిని ఆ ఏడు కోడలు ఎత్తింది. నాయన తువ్వాలు ముఖాన కప్పుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం అదే మొదలు.

పెద్దమ్మ మమ్మల్ని లోపలికి తీసుకుపోలేకపోయింది. అది ఆమె చేతిలో లేదు. మరుసటి ఏడు మేం నంద్యాల వచ్చేశాం. ఇక్కడే ముసలిదాన్నయ్యాను. మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తాను. మా వీధికి దిక్కులేక వచ్చినవాళ్ల కష్టం నేను తీర్చలేను. అన్నం గిన్నె పట్టుకుని వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుంటాను. నాకు చేతనైంది అంతే.