తలుపు వెయ్యి, లైటు వెయ్యి

చాముండేశ్వరికి చలి అంటే ఏమిటో తెలియదు. పుట్టింది అనకాపల్లిలో, పెళ్లయ్యాక వచ్చింది సింగపూర్‌కి. రెండు చోట్లా ఉక్కపోతే. ఆవిడ శాలువా కప్పుకునేది ఏసీ ఎక్కువ పెట్టిన సినిమా హాల్లో మాత్రమే. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం, మంచు కురిసే చోట ఇళ్లను వెచ్చగా ఉంచే పెట్టెల తయారీలో. దేవుడికీ అప్పుడప్పుడు వేళాకోళం ఆడాలనిపిస్తుంది కాబోలు.

టాంపినీస్‌లో వాళ్ల ఫ్లాట్ దగ్గర బస్సెక్కితే కాసేపట్లో ఆ వర్క్‌షాపు వస్తుంది. యజమాని మిస్టర్ కో. న్యూజీలాండ్ కొండల్లో కట్టెల బాయిలరు పెట్టుకునే ఇళ్లకు ఆయన కంట్రోల్ ప్యానెళ్లు చేసి పంపుతాడు. కట్టెలు మండితే నీళ్లు కాగుతాయి, ఆ నీళ్లు గొట్టాల్లో తిరిగి గదులన్నీ వెచ్చబడతాయి. మంటను ఊదడానికి ఒక ఫ్యాను, నీళ్లు తిప్పడానికి ఒక పంపు. నీళ్లు తగినంత కాగితే పంపు తిరగాలి, మితిమీరి కాగితే ఫ్యాను ఆగిపోవాలి. ఆ కబురు చెప్పేది ఇస్త్రీ పెట్టెలో ఉండేలాంటి థర్మోస్టాట్. దాని నుంచి వైర్లు సరిగ్గా వెళ్లాలి. చెప్పుకోవడానికి అంతే పని.

కూతురు నిఖిల పాలిటెక్నిక్‌లో చేరాక, ఇంట్లో ఊసుపోక చాముండేశ్వరి అక్కడ చేరింది. మొదట ఇచ్చిన పని వైర్లకు నంబర్లున్న చిన్న చిన్న గొట్టాలు తొడగడం. పూలు కట్టిన చేతులు కదా, చకచకా సాగింది. కానీ ఆవిడ కన్నంతా అవతలి వైరింగ్ బల్ల మీదే. అడిగి అడిగి మిస్టర్ కో ప్రాణం తోడేసి చివరికి ఒక ప్యానెల్ సంపాదించుకుంది.

ఆ ప్యానెలే ఆవిడ పరువు తీసింది.

థర్మోస్టాట్‌కి వైరు బిగించే చోట్లు రెండున్నాయి. ఒకదాని మీద 'నార్మల్లీ ఓపెన్' అని, రెండోదాని మీద 'నార్మల్లీ క్లోజ్డ్' అని రాసి ఉంది. మామూలుగా ఫ్యాను తిరుగుతూ ఉండాలి. షాపు ఓపెన్ అంటే బేరాలు నడుస్తున్నట్టు, క్లోజ్డ్ అంటే షట్టరు దించేసినట్టు. ఇందులో అనుమానమేముంది? ఫ్యాను వైరు తీసుకెళ్లి ఓపెన్‌కి బిగించింది. పాపం, కరెంటు భాషలో అంతా తలకిందులని ఆవిడకు తట్టలేదు. అక్కడ ఓపెన్ అంటే దారి తెగినట్టు, క్లోజ్డ్ అంటే కలిసినట్టు.

పరీక్షకు థర్మోస్టాట్ మొనను కెటిల్ నీళ్లలో ముంచారు. నీళ్లు చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాను కదల్లేదు. సలసలా మరిగేసరికి గిర్రున తిరిగింది. నిజంగా ఒకరింట్లో అయితే, మరిగే నీళ్ల కింద మంటను ఇంకా ఎగదోసేదన్నమాట!

"ఆంటీ, కస్టమర్‌ని సూప్ చేసేస్తావా ఏంటి?" అన్నాడు మిస్టర్ కో తన ఇంగ్లీషులో. అందరూ నవ్వారు. చాముండేశ్వరీ నవ్వింది, తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది. మర్నాటి నుంచి మళ్లీ నంబర్ల గొట్టాలే.

ఇంట్లో ఎన్నిసార్లు బట్టీ పట్టినా లాభం లేకపోయింది. "అమ్మా, జస్ట్ రిమెంబర్ ద ఆపోజిట్ లా!" అని నిఖిల సింగపూర్ యాసలో విసుక్కునేది. ఏది దేనికి ఆపోజిట్టో అదే గుర్తుండి చావదే!

ఒక సాయంత్రం కుండపోతగా వాన పట్టుకుంది. జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగిన భర్త జగన్మోహనరావు నిలువెల్లా తడిసి వచ్చాడు.

"చాముండీ, జల్లు కొట్టేస్తోంది, తలుపు వెయ్యి! ఏటీ చీకటి? లైటు వెయ్యి!"

ఆవిడ తువ్వాలు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమండీ, మళ్లీ అనండి."

"ఏటనాలి? తలుపు వెయ్యి, లైటు వెయ్యి అన్నాను. తప్పేటి?"

తలుపు వేస్తే మూసుకుంటుంది. లైటు వేస్తే వెలుగుతుంది. రెంటికీ ఒకే మాట! తలుపు తీస్తే తెరుచుకుంటుంది, లైటు తీసేస్తే ఆరిపోతుంది. పుట్టినప్పటి నుంచి నోట్లో నానుతున్న ముక్కే. మూయడం అంటే కరెంటు పారడమని తెలుగు ఎప్పుడో చెప్పేసింది, ఈవిడే ఇంగ్లీషు షాపుల వెంటపడి తిరిగింది. చాముండేశ్వరికి పట్టరాని సంతోషం వచ్చింది. తడిసిన మొగుణ్ని అలాగే వదిలేసి ఇంట్లో లైట్లన్నీ వేసి, తీసి, మళ్లీ వేసింది.

"అమ్మకేమైంది?" అంది నిఖిల.

"తువ్వాలియ్యవే ముందు," అన్నాడు జగన్మోహనరావు.

మర్నాడు మిస్టర్ కో ముందు నిలబడింది. "ఇంకొక్కటి ఇవ్వండి బాస్. ఇదీ తప్పితే మళ్లీ జన్మలో అడగను."

ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. ఆ ప్యానెల్ కొనే ఆవిడ పరీక్షను వీడియోలో స్వయంగా చూస్తానంది. నవ్వులపాలైతే పోయేది ఆయన పేరు కూడా. అయినా ఇచ్చాడు.

ఈసారి ప్రతి వైరుకూ తనలో తను అనుకుంది. ఫ్యానుది వేసి ఉన్న తలుపు, వేడెక్కితే తీయాలి. పంపుది తీసి ఉన్న తలుపు, వేడెక్కితే వేయాలి.

పరీక్ష రోజు కింద కాఫీ దుకాణం అంకుల్ దగ్గర ఐసు సంచి తెచ్చారు. సింగపూర్‌లో చలి సంచుల్లోనే దొరుకుతుంది మరి. ఫోన్ తెరమీద ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలావిడ, ఆవిడ వెనక కిటికీ నిండా మంచు. కెటిల్లో నీళ్లు కాగాయి. పంపు తిరిగింది. ఇంకా కాగాయి. ఫ్యాను టక్కున ఆగింది! ఐసు వేసి చల్లార్చారు. ఫ్యాను మళ్లీ అందుకుంది.

అంతా చప్పట్లు కొట్టబోతుంటే ముసలావిడ చెయ్యెత్తింది. "మా ఇంట్లో ఎలకలెక్కువ. థర్మోస్టాట్ నుంచి ఫ్యాను కోసం వచ్చే వైరు కొరికేస్తే?"

చాముండేశ్వరి ఆ వైరు వైపు చూసింది. వైరు తెగితే? తెగితే తలుపు తీసినట్టే కదా! కరెంటు ఆపి, ఆ వైరు ఊడదీసి, మళ్లీ కరెంటిచ్చింది. ఫ్యాను ఉలకలేదు, పలకలేదు.

"వైర్ కట్, డోర్ ఓపెన్. డోర్ ఓపెన్, నో ఫ్యాన్. మీరు హాయిగా పడుకోండి మేడమ్," అంది తనకొచ్చిన ఇంగ్లీషులో.

ముసలావిడ పకపకా నవ్వింది. "నా కాలివేళ్లు గడ్డకట్టకముందే పంపించండి!"

వర్క్‌షాపంతా ఒకటే చప్పట్లు. చాముండేశ్వరికి కళ్లు చెమర్చాయి, ఈసారి బాత్రూం దాకా పోలేదు.

"అప్పుడు అంత తికమకపడ్డావు, ఇప్పుడేం మందు తిన్నావు ఆంటీ?" అన్నాడు మిస్టర్ కో. చెప్పింది. ఆయన 'వెయ్యి', 'తియ్యి' అన్న ఆ రెండు మాటలూ నోటికి పట్టించుకోవడానికి నానా తంటాలూ పడ్డాడు.

సోమవారం వచ్చేసరికి వైరింగ్ బల్ల మీద కొత్త ప్యానెల్ ఆవిడ కోసం సిద్ధంగా ఉంది. బిగించడం అయింది. చుట్టూ అందరూ చేరారు. మిస్టర్ కో స్విచ్చు చూపించి, గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు.

"ఆంటీ, వెయ్యి!"

చాముండేశ్వరి వేసింది.