లేవని రాజు

నా చిన్నప్పుడు మా పెదనాన్న మిరపకోతలు అయిపోగానే ముఖానికి రంగు వేసుకునేవాడు. మా ఊరి పద్యనాటకంలో ఓడిపోయే రాజు వేషం ఏటా ఆయనదే. సైన్యం చెదిరిపోతుంది. లొంగిపోతే ప్రాణం దక్కుతుందని శత్రువు కబురు పంపుతాడు. అయినా రాజు తన సారథిని రథం దించి ఇంటికి పంపేసి, ఒక్కడే పోయి నేలకొరుగుతాడు. నాకు మాత్రం కత్తి తిప్పడమే ముద్దు.

ఒక ఏడు ఆయన గొంతు బాగా పలికింది. పడిపోతూ పాడే చివరి పద్యానికి జనం వన్స్‌మోర్ అన్నారు. మా వైపు అది మెచ్చుకున్నట్టే, నటుడు లేచి మళ్లీ పాడాల్సిందే. ఆయన లేచాడు, పాడాడు, పడ్డాడు. మళ్లీ కేకలు. ముందు కుర్చీలో మా ఊరి పెద్ద కూర్చునున్నాడు. నాటకం ఆడించేదీ, వేషాలు పంచేదీ ఆయనే.

"లేవయ్యా రాజా, ఇంకోసారి చావు" అన్నాడు నవ్వుతూ.

జనం పగలబడి నవ్వారు. పెదనాన్న కదల్లేదు. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఆయన కోసం చూసింది. అయినా కదల్లేదు. నవ్వులు తిట్లయ్యాయి. మట్టిబెడ్డ ఒకటి వచ్చి కిరీటానికి తగిలింది. పక్కనున్న పెద్దమ్మ నా చెయ్యి నలిగేలా పట్టుకుంది. నిజంగానే పోయాడేమోనని నేను ఏడుపు అందుకున్నాను. చివరికి తెర దించేశారు.

ఊరి పెద్ద తెర వెనక్కి వచ్చి, వచ్చే ఏడు ఈ వేషం ఇంకొకరికని చెప్పి పోయాడు. పెదనాన్న కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నాడు. ఇంకొక్కసారి పాడితే ఏం పోయేదని అడిగాను.

"మొదటిసారి లేవడమే తప్పురా. మళ్లీ లేస్తానని తెలిసినోడు యుద్ధానికి పోతే అందులో ధైర్యమేముంది? సారథిని దించి పంపాడే ఆ రాజు, అక్కడ చూడాలి ఆయన్ని. తను తిరిగి రాడని తెలిసే పంపాడు."

మరి నీ వేషమో అన్నాను. ఆయన కిరీటానికి అంటిన మట్టి దులిపి పెట్టెలో పెట్టేశాడు. వేషం నిజంగానే పోయింది. కొత్త రాజు అడిగినన్నిసార్లు లేచాడు. పెదనాన్న మళ్లీ నాటకం వైపు తొంగి చూడలేదు. ఆ ఊరి పెద్దకి మాత్రం కళాపోషకుడని శాలువా కప్పారు. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను బడికి పోయింది తక్కువ. దొరికిన నాటకమల్లా కూడబలుక్కుని చదువుకున్నాను. ఏది చదివినా కత్తియుద్ధం దగ్గర ఆగను. తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నప్పుడు ఆ మనిషి ఏం చేశాడా అని వెతుకుతాను. మొన్న ఒంగోలులో నాటకానికి వెళితే, వీరుడు పడిపోగానే చుట్టూ వన్స్‌మోర్ అని కేకలు, చప్పట్లు మోగాయి. నేను కొట్టలేదు. పడిపోయిన మనిషిని లేపే పని నా చేతులతో చెయ్యను.