సంతకం అడగని బ్రోన్విన్

బ్రోన్విన్ టిల్‌బ్రూక్ పన్నెండు చలికాలాలుగా మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళ చీలమండలకు కట్లు కడుతోంది. శనివారం పొద్దున ఎనిమిదికల్లా మైదానం పక్కనున్న రేకుల గదిలో బల్ల వేసుకుని సిద్ధంగా ఉంటుంది. ముందు పిల్లల జట్టు, తరవాత రిజర్వులనే రెండోజట్టు, చివరికి పెద్దజట్టు. వేలు పక్కకు తప్పితే లాగి సరిచేస్తుంది. తలకు దెబ్బ తగిలినవాణ్ణి, వాడు ఎన్ని బూతులు తిట్టినా, మళ్ళీ ఆటలోకి పోనివ్వదు. ఇది కాక ఆరేళ్ళుగా ప్రతి సోమవారం మెర్వ్ క్లోడెన్ అనే ముసలాయన్ని డయాలిసిస్‌కు వయాలా ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొస్తోంది. పోను గంటంబావు, రాను గంటంబావు. మెర్వ్ ఆమెకు చుట్టం కాదు. బుధ, శుక్రవారాలు ఆస్పత్రి వ్యాను వస్తుంది, సోమవారం రాదు. ఎవరో ఒకరు వెళ్ళాలి కాబట్టి ఆమె వెళ్తోంది. కోతల రోజుల్లో మాత్రం ఆమె బదులు వాళ్ళమ్మ గ్లెనిస్ బండి తీస్తుంది.

ఈ మనిషి, మాకు చలికాలం మొదలయ్యే మే నెల రెండోవారంలో, వైద్యకళాశాల దరఖాస్తు పట్టుకుని మా బడికి వచ్చింది. చేసిన సేవ గురించి రాయమన్న పేజీలో ఒక్క వాక్యం ఉంది: ‘క్లబ్బులో కాస్త చేతిసాయం చేస్తుంటాను.’

నేను ఆ బళ్ళో రసాయనశాస్త్రం చెప్తాను. రెండేళ్ళ పాటు బుధవారం సాయంత్రాలు ఆమెకు ప్రవేశపరీక్ష కోసం పాఠాలు చెప్పాను. అందుకని నాకు కోపం తెచ్చుకునే హక్కు ఉందనుకున్నాను.

“ఇదేంటి బ్రోన్?”

“అడిగారుగా, రాశాను.”

“పన్నెండేళ్ళు కాస్త చేతిసాయమా?”

“మరేమనాలి మాస్టారూ? కట్లే కదా. గుండె మార్చానా ఏమన్నానా?”

ఆమె వయసు ముప్పై మూడు. ఊరి చివర ధాన్యం గాదెల దగ్గర ఉద్యోగం. రైతులు తెచ్చిన గోధుమల్లోంచి నమూనా తీసి తేమ, నాణ్యత చూసి చెప్పడం ఆమె పని. వ్యవసాయశాస్త్రంలో డిగ్రీ ఉంది గాని, ఆ డిగ్రీ మార్కులు చూస్తే ఎవరికైనా మొహం చిన్నబోతుంది. రెండో ఏడు వాళ్ళ నాన్న మీద ట్రాక్టరు తిరగబడింది. విత్తనాల కాలం. బ్రోన్విన్ ఎవరికీ చెప్పకుండా చదువు మధ్యలో వదిలి ఇంటికొచ్చి పొలం మొత్తం తనే విత్తింది. ఆ ఏడు మూడు సబ్జెక్టులు పోయాయి. విశ్వవిద్యాలయానికి ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే ఆ మూడింటినీ రికార్డులోంచి తీసేసేవాళ్ళు. రాయలేదు. ఎందుకు రాయలేదంటే, “అందరికీ ఏదో ఒకటి ఉంటుందిగా” అంది.

ప్రవేశపరీక్షలో మొదటిసారి తప్పి, రెండోసారి మంచి మార్కులే తెచ్చుకుంది. మొత్తం మీద ఆమె పరిస్థితి ఇది: డిగ్రీ నాసి, పరీక్ష నయం, సేవ కొండంత. ఆ కొండ మాత్రం ఏ కాగితం మీదా లేదు.

ఇలాంటివాళ్ళకు లోకం చెప్పే సలహా ఒకటే. ఆగమని. ఊరి డాక్టరు, “ఇంకో ఏడాది ఆగి ప్రొఫైలు గట్టి చేసుకో” అన్నాడు. వాళ్ళమ్మ గ్లెనిస్, “ఈ ఏటికి విత్తనాలు అయిపోనీవే, పై ఏడు నెమ్మదిగా చూసుకోవచ్చు” అంది. సరైన సమయం వస్తే నీకే తెలుస్తుందని కనీసం నలుగురు చెప్పారు. సరైన సమయం ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పేవాళ్ళకు అసలే తెలియదు. గడువు తేదీ ఒక్కటే అచ్చువేసి ఉంటుంది, అదెవరూ చదవరు.

నేను చదివాను. నిబంధనల్లో, అందరూ దాటేసే చోట, డిగ్రీ పూర్తయి పదేళ్ళు దాటితే ఆ డిగ్రీ లెక్కలోకి రాదని ఉంది. బ్రోన్విన్ డిగ్రీకి ఆ డిసెంబరుతో పదేళ్ళు నిండుతాయి. అంటే పై ఏడు అనేది ఆమెకు లేదు. మళ్ళీ మొదట్నించీ మూడేళ్ళు ఇంకో డిగ్రీ చదివితే తప్ప. ప్రొఫైలు గట్టి చేసుకోమన్న డాక్టరుకు ఈ సంగతి తెలియదు. దరఖాస్తు పెడుతున్న మనిషికీ తెలియదు.

చూపించాను. రెండుసార్లు చదివింది.

“అయితే ఈ ఏడే పంపేస్తాను.”

“ఈ ఒక్క వాక్యంతోనా?”

“మిగతావాటికి సాక్షి సంతకాలు కావాలి మాస్టారూ. ఎన్ని గంటలు చేశామో వేసి, చూసినవాళ్ళ చేత పెట్టించాలి.”

“పెట్టించు. ఎవరు కాదంటారు?”

“ఎవరూ కాదనరు. నేనే అడగను. క్లబ్బులో డారిల్ దగ్గరికి పోయి, నేను మంచిదాన్నని రాసివ్వరా నాయనా అని అడగాలా? అంతకంటే ఫెయిలవడం నయం.”

మా ఊళ్ళో దొంగతనం చేసినవాణ్ణి పదేళ్ళకు క్షమిస్తారు, గొప్పలు చెప్పుకున్నవాణ్ణి క్షమించరు. చేసిన సాయం లెక్కపెట్టుకుంటే అది సాయమే కాదని ఇక్కడ ఉగ్గుపాలతోనే పట్టిస్తారు. క్లబ్బువాళ్ళు ఒకసారి బ్రోన్విన్‌కు ఏడాది ఉత్తమ సభ్యురాలని ఒక కప్పిచ్చారు. అది వాళ్ళ కోళ్ళగూడు తలుపుకు అడ్డంగా ఉంది, కళ్ళారా చూశాను. ఈ వినయాన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను వాళ్ళలో లేను. దరఖాస్తులు చదివే మనిషి ఎక్కడో గదిలో కూచుని ఉంటాడు. వినయంతో ఖాళీగా వదిలిన గడికీ, రాయడానికేమీ లేక ఖాళీగా వదిలిన గడికీ ఆయనకు తేడా కనపడదు.

ఆ శనివారం కాగితం పట్టుకుని మైదానానికి నేనే వెళ్ళాను. క్లబ్బు ప్రెసిడెంటు డారిల్ ష్రామ్ మైదానం హద్దుగీత పక్కన నిలబడి మాంసం కూరిన ‘పై’ రొట్టె తింటున్నాడు.

“ఇక్కడ సంతకం పెట్టు డారిల్.”

“ఏంటది, నాకు మళ్ళీ పెళ్ళా?”

విషయం చెప్పాను. నమలడం ఆపేశాడు.

“బ్రోన్ డాక్టరవుద్దా? మరి మా వాళ్ళ కాళ్ళెవరు చూస్తారు?”

“నువ్వు నేర్చుకో.”

“నేను కడితే కాలూడి చేతికొస్తది. సీజనయ్యాక చూసుకోవచ్చుగా మాస్టారూ.”

“గడువు వచ్చే శుక్రవారం.”

“ఆ యూనివర్సిటీవాళ్ళకి మన ఫుట్‌బాల్ ఫైనల్స్ ఎప్పుడో తెలీదా?”

అప్పుడర్థమైంది నాకు. ఆగమని చెప్పినవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. అందరికీ ఆమె కావాలి, అంతే. ఒకరికి కట్లు, ఒకరికి విత్తనాలు, ఒకరికి సోమవారాలు. తమకు అవసరమైన మనిషికి ఓపిక మంచిదని చెప్పడం చాలా సులువు. డారిల్ ఒక్కడే ఆ మాట దాచకుండా పైకి అన్నాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

పెన్ను తీసుకుని రాశాడు. గంటలు వెయ్యాల్సిన చోట ‘బోలెడు’ అని రాశాడు.

“అంకె వెయ్యవయ్యా.”

“అంకెలేస్తే అబద్ధమవుద్ది. బోలెడంటే నిజం.”

ఇద్దరం కూచుని లెక్క వేశాం. సీజనుకు పద్దెనిమిది శనివారాలు, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, పన్నెండేళ్ళు. వచ్చిన మొత్తం చూసి డారిల్ టోపీ వెనక్కి నెట్టాడు.

“ఇంతా? నిజంగా?”

“నువ్వు చూస్తుండగా చేసినవే.”

“మరీ ఎక్కువలా లేదూ? ఆ పిల్ల గొప్పలు పోతోందనుకుంటారు. సగం వేద్దాం.”

నాకు ముప్పయ్యేళ్ళుగా పాఠాలు చెప్పి గొంతు గట్టిపడింది. అది ఆ రోజు పనికొచ్చింది. పూర్తి అంకె వేసి సంతకం పెట్టాడు. ఆటలో మూడో క్వార్టరు మొదలైంది. బ్రోన్విన్ రేకుల గది గుమ్మంలోంచి ఇదంతా చూసింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు. సాయంత్రం కాగితం తీసుకుని బండిలో ముందు అరలో పడేసింది.

సోమవారం నాకు వయాలాలో పళ్ళ డాక్టరు దగ్గర పని పడింది. బడికి సెలవు పెట్టి బ్రోన్విన్, మెర్వ్‌లతో బయల్దేరాను. పోయేటప్పుడు మెర్వ్ నిద్రపోతున్నాడు గాని, మేల్కొని ఉన్నా ఆమె సంతకం అడిగేది కాదు. నేను లేపి అడగబోతే అద్దంలోంచి చూసింది. ఊరుకున్నాను. వచ్చేటప్పుడు నా నోరు సగం మొద్దుబారి ఉంది. పెదవి నా మాట వినడం లేదు. నేను నోరు విప్పలేని ఒకే ఒక్క గంటలో అసలు సంగతి జరిగింది.

మెర్వ్ పిప్పరమెంటు బిళ్ళల కోసం ముందు అర తెరిచాడు. కాగితం చేతికొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని మొదట్నించీ చదివాడు.

“ఇందులో నా పేరు కూడా ఉండాలి కదే పిల్లా. ఈ గడి ఖాళీగా ఉందే.”

“నీకు తీరుబడిగా ఉన్నప్పుడు చూద్దామని.”

“నాకు తీరుబడి తప్ప ఇంకేముంది? చూడు, నేను సంతకం పెడితే నువ్వు ఊరొదిలి పోతావు. పెట్టకపోతే సోమవారం సోమవారం వస్తావు. నా కిడ్నీలు పోయాయి గాని బుర్ర పోలేదు.”

“పెట్టకులే ముసలోడా. ఇటివ్వు.”

“ఇవ్వను. ఏం రాయాలో చెప్పు.”

“నీకు తెలుసుగా.”

“తెలుసు. నువ్వు చెప్పిందే రాస్తా. పైన ఒక్క ముక్క రాయను.”

ఇరవై కిలోమీటర్లు గడిచాయి. వెనక సీట్లో నేను పెదవి తుడుచుకుంటూ కూచున్నాను. నోరు పనిచేస్తూ ఉంటే మొత్తం నేనే చెప్పేసి పని చెడగొట్టి ఉండేవాణ్ణి.

“నిన్ను వయాలా తీసుకెళ్ళాను” అంది చివరికి.

“ఒకసారా?”

“సోమవారాలు.”

“ఎన్నాళ్ళు?”

“ఆరేళ్ళనుకుంటా.”

“అనుకుంటా అని రాయనా?”

“ఆరేళ్ళు.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“కొండమలుపు దగ్గర ఏమైంది?”

గేరు మార్చింది. తరవాత చెప్పింది. “నీకు బీపీ పడిపోయింది. బండి పక్కకి తీసి సీటు వాల్చి నీ కాళ్ళు పైకెత్తి పెట్టాను. అంబులెన్సు వచ్చేదాకా నలభై నిమిషాలు నాడి చూస్తూ కూచున్నాను. అంతకు మించి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అది నాకు నచ్చలేదు మెర్వ్. నువ్వు పోతావేమోనని కాదు. నీ లోపల ఏం జరుగుతోందో నాకు అర్థం కాకపోవడం. నాకు అర్థం కావాలి.”

రెండేళ్ళు పాఠం చెప్పిన నాకు ఆమె డాక్టరు ఎందుకవ్వాలనుకుంటోందో అప్పుడు తెలిసింది. నేను అడగలేదా అంటే చాలాసార్లు అడిగాను. “ఏదో, ఆసక్తి” అనేది.

“ఆఁ, ఇది రాయొచ్చు” అన్నాడు మెర్వ్. మోకాలి మీద కాగితం పెట్టుకుని, బండి కుదుపుకు అక్షరాలు వంకర్లు పోతున్నా, ఆమె అన్నది అన్నట్టు రాసి సంతకం పెట్టాడు. “నువ్వు నచ్చలేదన్నావు చూడు, అది కూడా పెట్టాను. చేతిసాయమట, చేతిసాయం. నీకంటే ఎక్కువ అబద్ధాలాడేవాళ్ళని నేను చూళ్ళేదు.”

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ బడి గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూచుని దరఖాస్తు పంపింది. ఆ ‘చేతిసాయం’ వాక్యాన్ని తనే కొట్టేసింది. మూడు సబ్జెక్టులు ఎందుకు పోయాయో రెండు వరసల్లో రాసింది. పంపేముందు నాకు చదివి వినిపించింది, పోలీసులకు నేరం ఒప్పుకుంటున్న గొంతుతో.

ఒక కళాశాల మార్కులు చూసి నేరుగా వద్దంది. ఇంకొకటి సెప్టెంబరులో ఇంటర్వ్యూకు పిలిచింది. వెళ్ళొచ్చాక ఏమడిగారంటే, “ఏవో అడిగారు” అంది. ఏం చెప్పావంటే, “ఏదో చెప్పాను” అంది. ఇంతకు మించి రాబట్టడం నా వల్ల కాలేదు.

నవంబరులో సీటొచ్చింది. మంగళవారం వచ్చిందట. నాకు గురువారం తెలిసింది, అదీ మెర్వ్ చెప్తే. మెర్వ్‌కు కూడా ఆమె చెప్పలేదు. ఫిబ్రవరి నుంచి సోమవారాలకు ఎవరు బండి తీస్తారని బుధవారం క్లబ్బులో నలుగుర్ని అడిగిందట, దాన్నిబట్టి ముసలాయన గ్రహించాడు. నేను బడి వదిలాక నేరుగా గాదెల దగ్గరికి పోయాను. కోతలు జోరుగా ఉన్నాయి. బ్రోన్విన్ ఎత్తు మంచె మీద నిలబడి ఒక లారీ గోధుమల్లోకి పొడుగాటి గొట్టం దించుతోంది. టోపీ నిండా, కనుబొమల నిండా పొట్టు.

“సీటొచ్చిందట?” అని కిందనుంచి అరిచాను.

“ఆఁ.”

“మంగళవారమే వచ్చిందట?”

“ఆఁ.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

గొట్టం పైకి లాగి, గింజలు డబ్బాలోకి వంపి, నా వెనక్కి చూసింది.

“మాస్టారూ, లైన్లో పదకొండు లారీలున్నాయి. కాస్త పక్కకి జరుగుతారా?”