కాటాకు నాలుగు మూలలు

కోరమండల్ బంగారు గని కార్మికుడి మనవరాలు మాల, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. బంగారుపేట మామిడి మండీలో తన పండ్లు తూకంలో తగ్గుతున్నాయని రైతు సొన్నమ్మ రెండుసార్లు మొరపెట్టుకుంది. రెండుసార్లూ మాల తూకపు రాయిని కాటా మధ్యలో పెట్టి చూసింది, తేడా రాలేదు.

తర్వాత పొరుగు రాష్ట్రాల వాళ్లతో కలిసి జరిగిన శిక్షణలో చిత్తూరు ఉద్యోగిని ఒకామె, "నాలుగు మూలలా పెట్టి చూడక్కా" అంది.

ఈరోజు మాల ఇరవై కిలోల రాయిని సొన్నమ్మ బుట్ట పెట్టించే మూలకు జరిపింది. అంకె పద్దెనిమిది దగ్గర ఆగింది.

"మన్ను మోసినోళ్ల బిడ్డవి, మాకు తూకం నేర్పేకి వచ్చినావా?" అన్నాడు మండీ యజమాని.

"బంగారం దాచినాడేమోనని గని గేటులో మా తాతను దినామూ తడిమి చూసినారప్పా. ఇయ్యాల మీ కాటాను నేను తడుముతాండా."

మాల ఆ కాటాను ఇక వాడకుండా సీలు వేసింది.

"ఇంగ నా పండ్లు యాడ తూసేదమ్మా?" అంది సొన్నమ్మ.

మాల పక్క మండీ కాటాను నాలుగు మూలలా పరీక్షించి, తేడా లేదని తేల్చుకుని, సొన్నమ్మ మొదటి బుట్టను తానే ఎత్తి పెట్టింది.