మాస్టారిని అడగని తాళం

మా వాలీబాల్ క్లబ్బులో నా పని నోళ్లు వాసన చూడటం. ఆటలో నేను అంతంతమాత్రం. మాది చర్చి కుటుంబం, మందు ముట్టను. అందుకని డ్రిల్లు మాస్టారు ఆ పని నాకు అప్పజెప్పారు. అంతకు ముందు ఏడాది మా ఆటగాడొకడు గెలిచిన ఊపులో తాగి బండెక్కి, యలమంచిలి రోడ్డులో లారీ కింద పడి పోయాడు. వాడి దినానికి వెళ్లొచ్చిన రోజే మాస్టారు మమ్మల్ని నెట్టు దగ్గర నిలబెట్టి, నా భుజం మీద చెయ్యేసి చెప్పారు.

"తాగొద్దంటే మీరు ఇనరు. తాగితే తాగండి, బండి మాత్రం ముట్టకండి. కంపు కొట్టినోడి తాళం ఈడి సంచీలో పడాల. ఇవ్వనోడు మళ్లీ కోర్టులో అడుగెట్టకూడదు."

నర్సీపట్నంలో ఆదివారం సాయంత్రం మాకు ఆ కోర్టు తప్ప దిక్కులేదు, కాబట్టి బెదిరింపు పనిచేసింది.

ఆట అయ్యాక కొందరు వైన్ షాపు వైపు వెళ్లొచ్చేవారు. నేను బళ్ల దగ్గర కాపు కాసేవాణ్ణి. "ఊదు" అంటే ఊదాలి. "ఏటి గురూ, పోలీసోడివేటి?" అని ఏడిపించేవారు. ఒకడు సోంపు నమిలేవాడు, ఒకడు జామాకు నమిలేవాడు. నా దగ్గరా వేషాలు? తాళం లాక్కునేవాణ్ణి. తిట్టుకుంటూ షేర్ ఆటో ఎక్కేవారు, పొద్దున్నే మా ఇంటికొచ్చి పట్టుకెళ్లేవారు. నాకసలే కోపమెక్కువ. ఆ పెత్తనం నాకు బాగుండేది కూడా. రెండేళ్లలో మావాళ్లెవరికీ చిన్న దెబ్బ తగల్లేదు.

మాస్టారు మా ముందు తాగేవారు కాదు. పెద్దవాళ్లు కుర్రాళ్ల ఎదుట తాగరు, కుర్రాళ్లు చూడనట్టు ఉంటారు. అది మా దగ్గర మర్యాద. ఆయన ఎటో వెళ్లొచ్చి, స్కూటర్ తీసి, నాతవరం వైపు ఇంటికి వెళ్లిపోయేవారు. నాకు తెలుసు. అందరికీ తెలుసు. బడిలో మాకు ఆట నేర్పినాయన్ని నోరు తెరవమని ఎవడు అడుగుతాడు?

ఒక ఆదివారం ఎస్. రాయవరం జట్టు మీద గెలిచాం. ఐదుగురి తాళాలు తీసుకున్నాను. మాస్టారి స్కూటర్ స్టార్ట్ కాలేదు. రెండుసార్లు కిక్ మీద కాలు జారింది.

"ఒరే, ఇలా రా" అన్నారు.

దగ్గరికెళితే వాసన గుప్పుమంది. "నేను దిగబెడతానండీ" అనే మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. స్కూటర్ పక్కకి వంచి, కిక్ కొట్టి, హ్యాండిల్ ఆయన చేతికిచ్చాను.

"బేగి ఎల్లండి మాస్టారూ, మబ్బేసింది."

ఊరు దాటాక కల్వర్టు గోడకి గుద్దుకున్నారు. ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

నాకు ఏడుపు రాలేదు. కట్టెలు మోశాను, టెంటువాడితో మాట్లాడాను, అన్నం పెడితే తిన్నాను. అన్నీ వేరేవాడెవడో చేస్తున్నట్టుంది. ఆ మొద్దుతనం ఇన్నేళ్లయినా పూర్తిగా పోలేదు.

మూడోరోజు ఆయన భార్య నన్ను పక్కకి పిలిచారు.

"బాబూ, తాగినోళ్ల తాళాలు నువ్వే తీసుకుంటావంట గదా. ఆయన నీ గురించి గొప్పగా సెప్పీవోరు. ఆ రోజు ఆయన తాగలేదు గదా?"

ఆవిడ కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

"లేదండీ. తాగుంటే తాళం తీసేసుకుందునండీ."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"అదే నేనూ అందరికీ సెప్తన్నాను బాబూ. నువ్వుండగా ఆయన్ని తాగి బండెక్కనిస్తావా అని."